సుందరి ఫోల్డరు

మధ్యాహ్నం నేను పనిచేసే కాలేజీ లైబ్రరీ నుంచి వచ్చి గది తలుపు తీసేసరికి బల్ల మీద మానిటర్ ఉంది, కీబోర్డు ఉంది, మౌసు ఉంది. బల్ల కింద సీపీయూ లేదు. అది ఉండాల్సిన చోట దుమ్ము పట్టని నలుచదరం ఒకటి, దాని చుట్టూ వేలాడుతున్న వైర్లు. దొంగలు పడ్డారనుకున్నాను. అలా అనుకున్న ఆ కాసేపే ఆ రోజుకి నాకు దక్కిన నెమ్మది అని అప్పుడు తెలియలేదు.

కింది వాటాలో ఉండే ఇంటావిడ శివపార్వతిగారు మజ్జిగ గ్లాసుతో మెట్లెక్కి వచ్చారు. నా రెండో తాళంచెవి ఆవిడ దగ్గరే ఉంటుంది. నా భార్య సుందరి పోయిన దగ్గర్నుంచి, వేసవి ఒంటిపూట కాలేజీ అయ్యి నేను కృష్ణలంకలో ఇల్లు చేరే వేళకి ఆవిడ మజ్జిగ తేవడం ఒక్కరోజూ తప్పలేదు.

"మీ అల్లుడుగారొచ్చి వెళ్ళారన్నయ్యగారూ," అన్నారు.

"ఏ అల్లుడు?"

"బావుంది! మీకేమన్నా డజను మందున్నారా? మన నాగవేణి మొగుడు, ఉమామహేశ్ గారు. పాపం ఎండన పడి వచ్చారు. 'మావయ్యగారు ఇంకా ఆ పాత విండోస్ తొంభై ఎనిమిదే వాడుతున్నారండీ, ఎక్స్‌పీ వేసి రేపు తెచ్చిస్తా, చెప్పకుండా చేస్తే సంతోషిస్తారు' అన్నారు. కాఫీ ఇచ్చాను. మా ఆయన సాయం పట్టబోతే ఒప్పుకోలా, ఆ పెట్టె తనే మోసుకుని దిగారు."

"తాళం..."

"నేనే తీసిచ్చా. ఇంటల్లుడొచ్చి అడిగితే మీరొచ్చేదాకా గుమ్మంలో నుంచోబెట్టమంటారా ఏంటి?"

నిజమే. నేను ఇంట్లో ఉన్నా ఇచ్చేవాణ్ణే. అల్లుడు వచ్చి మీకు ఫలానా మేలు చేసిపెడతానంటే వద్దనే ఇల్లు మా వాళ్ళలో లేదు. వద్దన్నవాడు ఎందుకు వద్దన్నాడో అందరికీ చెప్పుకోవాల్సి వస్తుంది. నేను చెప్పుకోలేను.

మజ్జిగలో అల్లం, కరివేపాకు దంచి వేశారు. తాగాను. కొంచెం చొక్కా మీద ఒలికింది. శివపార్వతిగారు చూసి కూడా చూడనట్టు గ్లాసు తీసుకుని దిగిపోయారు.

మాకు పిల్లల్లేరు. నాగవేణి సుందరి అక్క కూతురు. పెడనలో మగ్గాల ఇంట్లో పుట్టి, ఇంటరు నుంచి బి.ఇడి. దాకా మా దగ్గరే ఉండి చదువుకుంది. పెళ్ళి మేమే చేశాం. ఉమామహేశ్ వాళ్ళది కంకిపాడు. ఇంటి ముందు గదిలో వాళ్ళమ్మగారి చీరల కొట్టు, అతనికి గవర్నరుపేటలో కంప్యూటర్ల షాపు. మంచి మాట, మంచి మర్యాద. సుందరి ఆసుపత్రిలో ఉన్నప్పుడు అడక్కుండానే వచ్చి రక్తం ఇచ్చినవాడు. అందుకే నాగవేణి మొదటిసారి జాకెట్టు చెయ్యి పైకి తీసి మచ్చలు చూపించినప్పుడు, నమ్మడానికి నాకు చాలాసేపు పట్టింది. సుందరికి పట్టలేదు. మంచం మీద నుంచే చెయ్యి చాపి, ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, "విశాఖపట్నంలో శౌరమ్మకి ఫోన్ చెయ్యండి," అంది నాతో. శౌరమ్మగారు సుందరితో కలిసి స్కూల్లో పనిచేసిన టీచరు. ఇప్పుడు అక్కడ ఆడవాళ్ళ హాస్టలు నడుపుతున్నారు.

సుందరి పోయాక మేం చేసిందంతా ఆ ఒక్క మాట పట్టుకుని చేసిందే. ఉమామహేశ్ నాగవేణి సంచి వెతుకుతాడు. బీరువాలో చీరల మడతలు విప్పి చూస్తాడు. మా ఇంటికొచ్చినా కబుర్లు చెబుతూ చెబుతూ ఫోన్ ఎత్తి రీడయల్ నొక్కి, మేం చివరగా చేసిన నంబరులో ఎవరు పలుకుతారో విని, "మీ లైను బానే ఉందండీ," అని పెట్టేస్తాడు. అలాంటి మనిషి ఇంట్లో కాగితం ముక్క దాగదు. అందుకని ఆ పిల్ల చీరలకు ఫాల్, పీకో కుట్టించాలనే నెపంతో విజయవాడ వచ్చినప్పుడల్లా మా ఇంట్లో కాసేపు కూర్చుని, తనకు జరిగిందంతా మా కంప్యూటర్లో టైపు చేసుకునేది. ఒంటి మీద దెబ్బల ఫొటోలు అరువు తెచ్చిన స్కానరు మీద స్కాన్ చేసి పెట్టింది. ఏదో పరీక్షకు దరఖాస్తు అని చెప్పి సర్టిఫికెట్లు ఒక్కపూట బయటికి తెచ్చి, అవీ స్కాన్ చేసి, తిరిగి అత్తగారి బీరువాలో పెట్టేసింది. జూన్‌లో బడులు తెరిచేలోగా విశాఖపట్నం వెళ్ళిపోవాలి. ఉద్యోగం, లాయరు రెండూ శౌరమ్మగారే చూసిపెట్టారు.

అవన్నీ పెట్టింది సుందరి ఫోల్డరులో.

ఆ ఫోల్డరులో సుందరి గొంతు ఉంది. చివరి నెలల్లో తనకి చేతులు ఆడేవి కావు. నాగవేణి ఒక చిన్న మైకు కొని తెచ్చి కంప్యూటర్‌కి తగిలించి, పక్క మీద పెట్టింది. సుందరి దాంట్లోకి ఏవేవో చెప్పేది. పాటలూ కాదు, పెద్ద సంగతులూ కాదు. గోంగూర పచ్చడి ఎంతసేపు వేయించాలో, నా స్వెటరు ఏ అరలో ఉందో. "ఈయన మతిమరుపు మనిషే, నేను లేకపోతే గ్యాసు ఎవరు కట్టేస్తారు," అని నవ్వి, నాకు రోజూ గుర్తుచేసేవన్నీ అందులో చెప్పిపెట్టింది. ఆ ఫైళ్ళ పక్కన 'రిపోర్టులు' అని ఇంకో ఫోల్డరు. అందులో ఆసుపత్రి స్కానింగులు, వాటి అడుగున నాగవేణివి. పోయిన మనిషి ఆసుపత్రి కాగితాలు ఎవరు తెరిచి చూస్తారని నాగవేణి ఆలోచన. నేను పైన ఒక పాస్‌వర్డు కూడా పెట్టాను. మా ధైర్యమంతా దాని మీదే.

ఇంకో చోట కాపీ లేదు. మా పాత డ్రైవుకి సీడీ చదవడమే వచ్చు గానీ రాయడం రాదు. ఇంటర్నెట్ సెంటర్లో రాయిద్దామంటే అక్కడ పరాయి కళ్ళు ఉంటాయని భయపడ్డాం. పరాయి కళ్ళకి!

మళ్ళీ చెప్పులేసుకుని ఎండలోకి దిగాను.

*

షాపు పేరు 'వేణి కంప్యూటర్స్'. భార్య పేరు పెట్టుకున్నాడని మా చుట్టాల్లో అందరూ మెచ్చుకున్నారు.

"మావయ్యగారూ! ఇంతెండలో ఎందుకొచ్చారండీ? ఫోన్ చేస్తే సరిపోయేదిగా!" ఉమామహేశ్ లేచి కుర్చీ ఫ్యాను కిందికి లాగాడు. పక్క కొట్టు నుంచి బాదంపాలు తెప్పించాడు. నా సీపీయూ అతని బల్ల మీద ఉంది, పక్క రేకు తీసేసి. తెర మీద మా ఇంటి డెస్క్‌టాప్ అప్పటికే వెలుగుతోంది.

"పాస్‌వర్డు..." అన్నాను.

"దాన్ని పాస్‌వర్డంటారేంటండీ!" పడి పడి నవ్వాడు. "తొంభై ఎనిమిదిలో అది ఉత్త వేషం. ఎస్కేప్ కొడితే లోపలికి పంపించేస్తుంది. ఇల్లంతా గోడల్లేకుండా కట్టి గుమ్మానికి మాత్రం పెద్ద తాళం వేసుకున్నారన్నమాట మీరు."

నేనూ నవ్వాను. నవ్వినట్టే ఉందనుకుంటాను. బాదంపాలు ఒక గుక్క తాగాను.

"ఫార్మాట్ కొట్టేముందు మీ డాక్యుమెంట్లన్నీ నా సిస్టమ్‌లోకి కాపీ చేస్తా. ఎక్స్‌పీ వేశాక మళ్ళీ పెట్టేస్తా. ఇదిగో, అందరివీ ఇట్లాగే." తన తెర నా వైపు తిప్పాడు. పసుపుపచ్చ ఫోల్డర్లు బారులు బారులుగా, ప్రతిదాని కిందా ఒక మనిషి పేరు. "ఇవి వెంకటప్పయ్యగారని ఆడిటరుగారివి. ఇవి బసవపున్నయ్యగారి అమ్మాయి పెళ్ళి ఫొటోలు. ఎప్పుడో వేసవి ముందు చేసిన పని. కావాలంటే ఇప్పుడు చూపించమన్నా చూపిస్తా."

"పని అయిపోయాక తీసెయ్యరా బాబూ?"

"ఎందుకు తియ్యడం? రేపు వాళ్ళ హార్డ్ డిస్కు పోతే నా దగ్గరికే వచ్చి ఏడుస్తారు. పనిలేనప్పుడు అట్లా తెరిచి చూస్తుంటానండీ, కాలక్షేపం. మనుషులు ఎన్నెన్ని దాచుకుంటారో!"

అని మా ఫోల్డర్ల వైపు తిరిగాడు. బాణం గుర్తు తెర మీద మెల్లగా జారి ఒక చోట ఆగింది.

"అత్తయ్యగారి పేరు!" అన్నాడు. గొంతు మారింది. దాని మీద ఏదో నొక్కి సైజు చూశాడు. "బాగా పెద్దదే. ఏముందండీ ఇందులో?"

"ఆవిడ గొంతు. జబ్బులో ఉన్నప్పుడు రికార్డు చేసుకుంది."

"అయ్యో. అయితే ముందు ఇదే తీద్దాం." అతని వేలు మౌసు మీద ఉంది. ఉంగరం వేలికి పెళ్ళిలో మేం పెట్టిన ఉంగరం.

తీయమంటే ఆ ఫోల్డరు అతని సిస్టమ్‌లో, ఆ పసుపుపచ్చ బారులో కూర్చుంటుంది. ఇవాళ కాకపోతే రేపు, పనిలేని ఒక మధ్యాహ్నం అతను తెరుస్తాడు. తెరిచిన రోజు కంకిపాడులో ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది. ఫోన్ అత్తగారు ఎత్తుతుంది. నాకు కబురైనా తెలియదు. వద్దంటే నాగవేణి రాసుకున్నదీ పోతుంది, సుందరి గొంతూ పోతుంది. నాగవేణి మళ్ళీ రాసుకోగలదు. అంతకంటే ఎక్కువ ఆలోచించడానికి నాకు వ్యవధి లేదు. ఆ వేలు కదిలేలా ఉంది.

"వద్దు బాబూ," అన్నాను. "ఏమీ ఉంచక్కర్లేదు. అంతా కొట్టెయ్యండి."

"అదేంటండీ! అత్తయ్యగారి గొంతు!"

"వింటే నిద్ర పట్టడం లేదు."

నిజానికి అది విననిదే నాకు నిద్ర పట్టదు. రోజూ పడుకునేముందు ఒకటి పెట్టుకుని, లేచి వెళ్ళి గ్యాసు చూసి వచ్చేవాణ్ణి.

ఉమామహేశ్ కాసేపు నన్నే చూశాడు. అనుమానమేమో అనుకున్నాను. కాదు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "మీ బాధ నాకు తెలుసు మావయ్యగారూ," అన్నాడు. మెత్తటి అరచేతులు. వెచ్చగా ఉన్నాయి. వెనక్కి లాక్కోకుండా ఉండడానికి నాకు చాలా బలం కావాల్సి వచ్చింది.

కాసేపటికి తెర నీలంగా మారింది. దాని మీద పసుపుపచ్చ గీత ఒకటి ఎడమ నుంచి కుడికి నిండుతూ పోయింది. అది నిండేదాకా కూర్చుని చూశాను. నా ముందరే కదా కొట్టేశాడు, ఇక భయం లేదని నాకు నేను చెప్పుకుంటూ నడిచి వచ్చాను. వేసవికి బందరు కాలువకి నీళ్ళు కట్టేశారు. అడుగున మిగిలిన మడుగులో ఒక కొంగ నిలబడి ఉంది. దానికి ఆ కాసిని నీళ్ళే చాలినట్టున్నాయి.

*

మర్నాడు శుక్రవారం. లైబ్రరీకి సెలవు పెట్టాను. పొద్దున్నే ఉమామహేశ్ సీపీయూతో వచ్చాడు. పనిలో పనిగా ఒక సంచి రసాల మామిడిపండ్లు కూడా తెచ్చాడు. శివపార్వతిగారికి కింద సగం ఇచ్చి మరీ పైకి వచ్చాడు.

వైర్లు తగిలించి మీట వేశాడు. తెర మీద పచ్చటి మెట్ట, పైన నీలాకాశం, తెల్లటి మబ్బులు. మనుషులెవరూ లేరు.

"ఇప్పుడు అసలైన పాస్‌వర్డు పెట్టుకోండి. డిస్కు పద్ధతి కూడా మార్చాను. ఇక ఎస్కేప్‌లూ గిస్కేప్‌లూ పనిచెయ్యవు. ఇదిగో, అడుగుతోంది చూడండి, మీ ఫైళ్ళు మీకొక్కరికే కనపడేట్టు ప్రైవేటు చెయ్యాలా అని. అవును అని నొక్కండి. కొట్టుకోండి పాస్‌వర్డు, నేను అటు తిరుగుతా."

నిజంగానే కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. నేను టైపు చేశాను. ఏమీ లేని పెట్టెకి తాళం వేశాను.

"అయిందా? ఇప్పుడు కోప్పడకూడదు మావయ్యగారూ." చొక్కా జేబులోంచి ఒక సీడీ తీశాడు. "నిన్న మీరు రాకముందే డిస్కంతా ఒకసారి కాపీ చేసి పెట్టుకున్నా, ఫోల్డర్లు విడివిడిగా తియ్యడమే మిగిలింది. మీరు కొట్టెయ్యమన్నారు గానీ నాకు మనసొప్పలా. ఇవాళ వద్దనిపిస్తుంది. ఏడాది పోయాక ఆ గొంతు వినాలనిపిస్తే ఎక్కణ్ణించి తెస్తాం? అత్తయ్యగారి ఫోల్డరు మొత్తం, ఒక్క ఫైలు వదలకుండా రాయించా. సీడీలు గీతలు పడతాయి కదా, నా సిస్టమ్‌లో కూడా ఉంచా. మీరేం దిగులు పడొద్దు."

చెయ్యి చాపి సీడీ అందుకున్నాను. 

"విన్నారా?" అన్నాను.

"ఎక్కడండీ, తీరిక లేదు. సాయంత్రం షాపు కట్టేసే ముందు వింటా. ఇంకో సీడీ రాసి నాగవేణికి పట్టుకెళతా. పిన్ని గొంతు వింటే ఎంత సంబరపడుతుందో! చెప్పకండేం, చెప్పకుండా ఇస్తేనే బావుంటుంది." వెళుతూ వెళుతూ ఫోన్ ఎత్తి రీడయల్ నొక్కాడు. గ్యాసు ఏజెన్సీ వాళ్ళు పలికారు. ముందురోజు సాయంత్రం శౌరమ్మగారికి చేద్దామని రిసీవరు ఎత్తి, ఎందుకో మళ్ళీ పెట్టేశాను. ఆ పెట్టెయ్యడం ఎంత మేలు చేసిందో!

"మీ లైను బానే ఉందండీ," అన్నాడు.

స్కూటరు చప్పుడు సందు చివర వినపడకుండా పోయేదాకా ఆగాను. సాయంత్రం అన్నాడు. అప్పటికి నాగవేణి కంకిపాడులో ఉండకూడదు. కానీ ఏమని తీసుకురావాలి? పీకో కుట్టించడానికి మొన్ననే వచ్చి వెళ్ళింది. నాకు ఒంట్లో బాలేదంటే అత్తగారు కొడుక్కి ఫోన్ చేస్తుంది. సుందరి బీరువా తలుపు తీసి ఊరికే నిలబడ్డాను. కర్పూరం వాసన. పై అరలో మంగళగిరి నూలు చీర ఉంది, ఆకుపచ్చది, జరీ అంచుది. తను ఒకే ఒక్కసారి కట్టుకుంది. అప్పుడు తట్టింది.

*

కంకిపాడులో చీరల కొట్టు తలుపులు తెరిచే ఉన్నాయి. వియ్యపురాలు గద్దె మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"రండన్నయ్యగారూ! ఏంటి, ఫోనన్నా చెయ్యకుండా?"

"సుందరి కలలోకి వచ్చిందమ్మా," అన్నాను. నా జీవితంలో నేను చెప్పిన అబద్ధాల్లో అంత గట్టిది లేదు. "పసుపు కుంకాలతో పోయిన మనిషి. తన పేరు మీద ముత్తయిదువకి చీర పెట్టలేదని అడిగింది. ఇవాళ శుక్రవారం. నాగవేణిని పంపితే తన ఫొటో ముందు చీర పెట్టి, బొట్టు పెట్టి పంపిస్తాను."

ఆవిడ విసనకర్ర ఆపింది. ఇంటి కోడల్ని ముత్తయిదువగా పిలిస్తే కాదనడం ఇంటికే మంచిది కాదు. ఆ సంగతి ఆవిడకి నాకంటే బాగా తెలుసు.

"అంతకంటేనా! అడగడానికేముంది? ఆగండి, నేను కూడా వస్తా. పాపం సుందరి, నన్ను ఎంత ప్రేమగా చూసేదని!"

ఆవిడ గద్దె దిగి చెప్పుల కోసం చూస్తోంది. సరిగ్గా అప్పుడే కొట్టు ముందు జీపు ఆగింది. పెళ్ళివాళ్ళు. లోపలికి వస్తూనే, "చుట్టాలకి పెట్టుబడి చీరలు కావాలమ్మా, అన్నీ చూపించాలి," అంది వాళ్ళలో పెద్దావిడ, గద్దె మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటూ. ఆ ముసలావిడ ఎవరో నాకు తెలియదు. ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

"మీరు తీసుకెళ్ళండి," అంది వియ్యపురాలు చీరల కట్ట విప్పుతూ. "సాయంత్రం వాడు వస్తూ వస్తూ మీ ఇంటి దగ్గర ఎక్కించుకొస్తాడులెండి. నేను ఫోన్ చేసి చెబుతా."

"తొందరేం లేదు, నిదానంగా చెప్పండి," అన్నాను.

నాగవేణి ఇంట్లో కట్టుకునే చీరతోనే వచ్చింది. చేతిలో చిన్న పర్సు. బస్సు పెనమలూరు దాటేదాకా నేను నోరు విప్పలేదు. తరవాత చెప్పాను. కాపీ సంగతి చెబుతున్నప్పుడు ఆ పిల్ల ముందు సీటు కడ్డీని పట్టుకుంది.

"ఇంటికి వెళ్ళట్లేదా బాబాయ్?"

"లేదమ్మా. బస్‌స్టాండుకి."

చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కోసేసిన పొలాలు, ఎండిన కాలువలు. ఉన్నట్టుండి తన కాళ్ళ వైపు చూసుకుని, "దొడ్లోకి వేసుకునే చెప్పులతో వచ్చేశాను," అంది. అని నవ్వింది. నవ్వు ఆగలేదు. పక్క సీటావిడ తిరిగి చూసింది. నేను ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాక ఏడుపుగా మారి ఆగింది.

బస్‌స్టాండులో విశాఖపట్నం బస్సులన్నీ పెళ్ళిళ్ళ జనంతో నిండిపోయి, సాయంత్రం నాలుగున్నర బస్సులో గానీ సీటు దొరకలేదు. ఎస్టీడీ బూత్ నుంచి శౌరమ్మగారికి ఫోన్ చేశాను. ఆవిడ ఏమీ అడగలేదు. "ఏ బస్సో చెప్పండి, నేనే వచ్చి దింపుకుంటాను," అన్నారు.

బస్సు ప్లాట్‌ఫారం మీదికి వచ్చింది. సంచిలోంచి సుందరి చీర తీసి నాగవేణి చేతుల్లో పెట్టాను. కుంకుమ పొట్లం విప్పాను. "బొట్టు నువ్వే పెట్టుకో తల్లీ," అన్నాను. కల అబద్ధమే గానీ చీర పెట్టడం అబద్ధం కాకూడదనిపించింది. చీర మీద సీడీ పెట్టాను.

"పిన్ని గొంతు కూడా ఇందులోనే ఉందిగా. మీకో?"

"లాయరుకి నీవి కావాలి. విడదీసే విద్య నాకు రాదు. తీసుకెళ్ళు."

ఆ పిల్ల ఏదో అనబోయింది. కండక్టరు గట్టిగా విజిలు వేశాడు. "ఎక్కాలమ్మా, ఎక్కాలి! అత్తారింటికెళ్ళే పిల్లలా ఆ చూపులేంటి!" అన్నాడు. నాగవేణి ఎక్కింది.

*

ఇంటికి వచ్చాక ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు. కంప్యూటర్ తెర మీద ఆ పచ్చటి మెట్ట అలాగే ఉంది. శివపార్వతిగారు కింద మామిడిపండ్లు కోస్తున్నట్టున్నారు, వాసన పైకి వస్తోంది. చెప్పాల్సిన మాటలు లోపల వల్లె వేసుకున్నాను. గుడికి వెళ్ళి కంకిపాడు బస్సు ఎక్కుతానంది. నేను ఆగమన్నా ఆగలేదు. అంతే.

పొద్దు వాలుతుండగా ఫోన్ మోగింది.

"మావయ్యగారూ," అన్నాడు ఉమామహేశ్. "అమ్మ ఇప్పుడే చెప్పింది. నాగవేణి మీ ఇంట్లో ఉందటగా?"

"ఇందాకటిదాకా ఉంది బాబూ. చీర పెట్టాను. గుడికి వెళ్ళి, అటు నుంచి అటే మీ ఊరి బస్సు ఎక్కుతానంది. నేను ఆగమన్నా..."

"ఏ గుడి?"

"కొండ మీద అమ్మవారి గుడికి."

"అలాగా," అన్నాడు.

ఫోన్ పెట్టేశాడేమో అనుకున్నాను. అప్పుడు, అతని వెనక నుంచి, కొంచెం దూరంగా, కొంచెం రేకు చప్పుడుతో, సుందరి మాట్లాడింది.

"...ఏవండీ, గ్యాసు కట్టేశారా? ఊరికే అవునంటే కుదరదు, లేచి వెళ్ళి చూడండి..."

రిసీవరు నా చెవికి గట్టిగా ఆనింది. రెండు చేతులతో పట్టుకున్నానని తరవాత గమనించాను.

"వినపడుతోందా మావయ్యగారూ?" అన్నాడు. "ఎంత చక్కగా చెబుతున్నారో అత్తయ్యగారు."

"వినపడుతోంది."

"ఈ ఫైళ్ళ పక్కన ఇంకో ఫోల్డరు కూడా ఉంది. రిపోర్టులు అని." అతని గొంతులో ఎప్పటి మర్యాదే. తెరిచి చూశాడో, ఇంకా చూడలేదో ఆ గొంతులో తెలియడం లేదు. "తెరవమంటారా?"

సుందరి ఆగిపోయింది. ఆ ఫైలు అయిపోయింది. ఫోన్‌లో అతని ఊపిరి, వెనక ఫ్యాను చప్పుడు. అతను షాపులోనే ఉన్నాడు. ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. అక్కణ్ణించి బస్‌స్టాండు స్కూటరు మీద ఎంతోసేపు పట్టదు. అడిగితే ఏ బస్సో ఎవరైనా చెబుతారు, ఆ పిల్ల దొడ్డి చెప్పులు చూసి గుర్తుంచుకుని ఉంటారు. బస్సు ఇప్పుడు గన్నవరం దాటి ఉంటుందా? హనుమాన్ జంక్షన్ చేరితే చాలు. ఏలూరు చేరితే ఇంకా మంచిది.

"చెప్పండి మావయ్యగారూ. తెరవనా?"

"అవి ఆసుపత్రి కాగితాలు బాబూ," అన్నాను. నా గొంతు నాకే ముసలిగా వినపడింది. "తరవాత చూద్దురుగాని. నిన్న పొరపాటున వద్దన్నాను. మీరే నయం, దాచిపెట్టారు. ఇంకొకటి పెట్టండి. ఆవిడ మాట ఇంకొక్కటి విననివ్వండి."

భార్య పోయిన మావగారు భార్య గొంతు వినిపించమని బతిమాలుతుంటే కాదనడం అల్లుడి మర్యాద కాదు. ఇన్నేళ్ళుగా అతను మా అందరి ముందూ నిలబెట్టుకుంటూ వచ్చింది ఆ మర్యాద ఒక్కటే. దాన్నే పట్టుకుని వేలాడాను.

టక్ టక్ మని మౌసు చప్పుడు.

"...పాలవాడికి రేపట్నుంచి అర లీటరు చాలని చెప్పండి. ఒక్కరికి ఎందుకు అన్ని పాలు," అంది సుందరి. దగ్గింది. మంచినీళ్ళు తాగిన చప్పుడు. "పడుకునేముందు గడియ పెట్టుకోండి. మీకసలే మతిమరుపు..."

తలుపు వైపు చూశాను. గడియ పెట్టలేదు. ఫోన్ వైరు అంత దూరం రాదు. లేచి వెళ్ళాలంటే రిసీవరు పెట్టేయాలి.

పెట్టలేదు.

"బావుంది బాబూ," అన్నాను. "ఇంకొకటి పెట్టండి."